ముందుగల ఖాళీగ తిప్పు!

మా చిన్నప్పుడు... ఒక జాతరలో, సాయంత్రం అయిదు గంటలకు, మా నాయిన నన్నూ తమ్ముణ్ణీ రంగులరాట్నం తొట్టిలోంచి కిందికి దింపేశాడు. తొట్టిని పట్టి ఉంచే కడ్డీకి పిన్ను ఉండాల్సిన చోట వంచిన మేకు ఉంది.

నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి అయిదు. అప్పుడు మచ్చ బొల్లారంలో ఉండేవాళ్ళం. నాయిన మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. జాతరకు వచ్చినా ఆయన చూపు బోల్టుల మీదే...

"అన్నా, గిదేంది? పిన్ను కాడ మొల పెట్టినవ్?" అని రాట్నం తిప్పే ఆయన్ను అడిగాడు.

"గట్టిగనే ఉంటది, కూసోబెట్టు."

"గట్టిగుంటే మందిని దింపి ముందుగల ఖాళీగ తిప్పు. చూస్త."

"ఖాళీగ తిప్పనీకి డీజిల్ మీ అత్తగారు పంపిండ్రా?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వెనకనుంచి ఒకాయన, "ఓ ఇంజినీర్ సాబ్, జర పక్కకు జరుగు. మా పోరగాండ్లు పరేషాన్ అయితున్నరు" అన్నాడు.

నాయిన మా ఇద్దరి చేతులూ పట్టుకుని నడిచాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మా తొట్టిలో వేరే పిల్లలు కూర్చున్నారు. పైకి పోయినప్పుడు కేకలు వేస్తూ నవ్వుతున్నారు... తమ్ముడు బస్సు వచ్చేదాకా ఏడ్చాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ రాట్నం పడిపోలేదు. జాతర అయిపోయేదాకా తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందువల్ల ఆ రోజు నాయిన చేసింది సరైనదేనని నేను రుజువు చేయలేను. అక్కడ మేకు ఉందన్నంతవరకే నాకు తెలుసు.

"ఖాళీగ తిప్పు" అన్న మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ కొత్త కుక్కరు కొంటే మొదట ఉత్త నీళ్ళు పోసి రెండు కూతలు రానిచ్చేది. ఏం చేస్తున్నావని అడిగితే, "ఖాళీగ తిప్పుతున్న" అనేది. మొదట్లో అది నాయిన మీద వేళాకోళం... తర్వాత అలవాటైపోయింది. "ఆ రోజు ఎక్కిస్తే ఏమైతుండె నాయినా?" అని ఇప్పటికీ సతాయించే తమ్ముడు కూడా, కారు కొన్న రోజు భార్యాపిల్లలను ఇంటి ముందే నిలబెట్టి, ఒక్కడే గుండ్లపోచంపల్లి దాకా నడిపి వచ్చాడు. అడిగితే "పెట్రోలుకు పోయిన" అన్నాడు. మేమెవరం నమ్మలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకు ఏడేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు. ఎండాకాలం సెలవులు మొదలైనప్పటినుంచి ఒకటే పాట... నీళ్ళ జారుడుబండలు, గుండ్రంగా తిరిగే ఏనుగు బొమ్మలు ఉన్న పార్కుకు పోదాం అని.

శామీర్‌పేట దిక్కు రెండు పార్కుల ప్రకటనలు ఫోనులో చూశాను. రెండింట్లోనూ ఒకటే ఫోటో! అదే పసుపు జారుడుబండ, అదే ఎర్ర టోపీ పిల్లవాడు. వెనక నీలంగా సముద్రం కూడా ఉంది. ఎంత వాన పడ్డా శామీర్‌పేట చెరువు ఆ రంగుకు రాదు. ఇన్నేళ్ళు విలేకరిగా పనిచేశాక ఫోటోలో ముందుగా వెనకభాగమే చూడటం అలవాటైంది...

రెండు చోట్లకూ ఫోన్ చేశాను. ఒకటే ప్రశ్న. పిల్లలు ఎక్కేవాటిని రోజూ ఎవరు, ఎప్పుడు పరీక్ష చేస్తారు?

మొదటి పార్కు అబ్బాయి హుషారుగా ఉన్నాడు. "మస్తుంటది మేడం! పిల్లలు దిగుమన్నా దిగరు."

"పరీక్ష సంగతి అడిగాను."

"టెన్షన్ తీస్కోకుర్రి మేడం. అంతా దేవుని దయ."

రెండో చోట ఒకామె ఎత్తింది. మెల్లగా అంది... "పదింటికి గేటు తీస్తం మేడం. గంతకుముందు తొమ్మిదిన్నరకు అన్నీ ఒక్కసారి ఖాళీగ తిప్పుతం. కావాల్నంటే జల్దీ వచ్చి కంచె అవతలికెల్లి చూడుర్రి."

ఖాళీగ తిప్పుతం! ఆ మాట బయటివాళ్ళ నోట వినడం అదే మొదటిసారి.

సంతోషంగా నాయినకు చెప్పాను. ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. పేపరు మీంచి తల ఎత్తలేదు.

"ఫోన్ల అందరు తిప్పుతరు బిడ్డా."

అదీ నిజమే...

పక్కన కూర్చుని అంతా వింటున్న నా కూతురు, "తాతా, నేను ఎక్కుతనా లేదా? ఒక్కటి చెప్పు" అంది.

"అది తిరగనీ. తిరిగినంక చెప్త."

"అమ్మా, తాత గిట్లనే అంటడు!" అని ఆమె కాళ్ళు నేలకేసి కొట్టింది. ఆ గొంతులో నాకు బస్సు స్టాపు దగ్గర తమ్ముడి ఏడుపు వినిపించింది.

అప్పుడు మేకు కంటికి కనబడేది. మంచో చెడో, ఒక ఫిట్టరు వంగి చూసి తెలుసుకోగలిగేవాడు. ఇప్పుడు బోల్టులన్నీ రంగు వేసిన ఫైబర్ ఏనుగుల కడుపులో ఉన్నాయి. బయటికి నవ్వే మూతి ఒక్కటే కనిపిస్తుంది...

మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎక్కనివ్వకుండా చెయ్యి పట్టి లాక్కొచ్చిన వాళ్ళు ఎవరు? వాళ్ళ మీద ఆ కోపం ఇంకా ఉందా? కింద రాయండి.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు నాయిన, నేను, పిల్లలిద్దరు, మొత్తం నలుగురం బయలుదేరుతున్నాం. పిల్లలు ఈత బట్టలు సంచిలో సర్దేశారు. తొమ్మిదిన్నరకు కంచె దగ్గర నిలబడతాం. ఖాళీగా తిరిగితే లోపలికి. తిరగకపోతే, ఇద్దరి చేతులూ పట్టుకుని వెనక్కి నడవాల్సింది ఈసారి నేను.