పర్రలో దారి చూపిన మాస్టారు

బెజవాడలో ఇరవయ్యారేళ్లుగా పిల్లలకు సోషల్ చెబుతున్నాను. పటంలో ఉత్తరం పైనే ఉంటుందని చెప్పీ చెప్పీ, నేల మీద కూడా అది అలాగే ఉంటుందని నాకో ధీమా ఏర్పడింది. కిందటి డిసెంబరులో ఒక ఆదివారం ఆ ధీమా కాస్తా బురదలో దిగబడింది.

షుగరు కొంచెం పెరిగింది, నడవమన్నారు డాక్టరుగారు. మా ఆవిడ రోజూ కాలువ పక్క పార్కులో నాలుగు చుట్లు తిరుగుతుంది. నాకది నామోషీ. గానుగెద్దులా ఉన్నచోటే తిరగడం ఏం నడక అని, చల్లపల్లి అవతల సముద్రం వైపు ఫోనులో ఒక దారి గీశాను. ఒక ఊళ్లో బస్సు దిగాలి. కాలువ గట్టు పట్టుకుని వెళ్లి, ఉప్పు పేరిన బీడు దాటాలి. దాన్ని అక్కడివాళ్లు పర్ర అంటారు. ఆ పర్ర అవతల నేతపనివాళ్ల ఊరొకటి ఉందని ఎక్కడో చదివాను. అది చూసి, గుండ్రంగా తిరిగి మళ్లీ బస్సు దిగిన చోటికే రావాలి.

"ఇదీ గుండ్రంగా తిరగడమేగా?" అంది మా ఆవిడ.

"ఇది వేరు," అన్నాను. ఎలా వేరో చెప్పలేదు.

తొమ్మిదింటికి బస్సు దిగాం. స్టాపు దగ్గర ఎరువుల కొట్టు, సెల్ రీచార్జి కొట్టు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. "ఇక్కడ చూడ్డానికేం లేదు, పద," అని గట్టెక్కించాను. కోసేసిన వరిమళ్లలో మినుము రెండాకులేసి ఉంది. గంటసేపు హాయిగా నడిచాం. ఆ తరవాత గట్టు దిగి పర్రలో అడుగుపెట్టాం. కనుచూపు మేర తెల్లటి ఉప్పు పొర, అక్కడక్కడా చిల్లకంప, తుంగ. ఫోను చూస్తే తెర మీద నీలం చుక్క తప్ప ఇంకేమీ లేదు.

"సిగ్నల్ లేదా?" అంది.

"సిగ్నలెందుకు? సూర్యుణ్ణి ఎడంచేతి వైపు ఉంచుకుని నడిస్తే చాలు, దారి తప్పడమనేదే ఉండదు," అన్నాను. ఏడో తరగతికి చెప్పే గొంతు అది.

అలాగే నడిచాం. పన్నెండయింది, ఒంటిగంటయింది. నీళ్ల సీసా ఖాళీ అయింది. గట్టినేలే కదా అని ఒకచోట కాలు వేశాను. మోకాలి దాకా దిగింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉండగా, కంప వెనకనుంచి ఏడెనిమిది గేదెలూ, వాటి వెనక ఒక ముసలమ్మా వచ్చారు.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏం పోయింది బాబూ? ఎతుకుతున్నారా?"

"ఏం పోలేదమ్మా. నడుస్తున్నాం."

"ఏడకి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికేనా!" అని ఆమె మా ఆవిడ వైపు జాలిగా చూసింది. తరవాత చేతికర్రతో బురదలో కెలికి, నా బూటు పైకి తీసి కాళ్ల దగ్గర పడేసింది.

దారి అడగొద్దని మా ఆవిడకు కళ్లతో సైగ చేశాను. నా సైగ అందకుండానే ఆమె అడిగేసింది. "నేత నేసేవాళ్ల ఊరికి ఎటెళ్లాలమ్మా?"

"అటే పోతన్నాం గదమ్మా. గేదెల ఎనకాలే రండి. అయ్యి దారి తప్పవు."

చివరి మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదని అనుకుంటున్నాను.

గేదెల వెనక అరగంట నడిచి ఒక ఊరి వీధిలోకి వచ్చాం. రెండు వైపులా పెంకుటిళ్లు, లోపలినుంచి మగ్గాల చప్పుడు. ముసలమ్మ గేదెలతో తన సందులోకి తిరిగింది. నేను ఒక అరుగు మీద కూలబడ్డాను. లోపల గుంటమగ్గం మీద నేస్తున్న పెద్దాయన, నా కాళ్లు చూసి బకెట్టుతో నీళ్లు పెట్టిస్తే, రెండు కాళ్లూ అందులో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరు దొరికిందన్న సంబరంలో నా అలసట పోయింది. "చూశావా, ఊరంటే ఇదీ!" అన్నాను మా ఆవిడతో, ఆయనకు కూడా వినపడేలా. "మనం పొద్దున దిగింది కూడా ఒక ఊరేనా? ఫ్లెక్సీలు తప్ప ఏముందక్కడ? ఒక కళా, ఒక పాడా?"

"ఏ ఊరండి అది?" అన్నారాయన నేస్తూనే.

పేరు చెప్పి, ఇక్కణ్ణించి ఎంత దూరమని అడిగాను.

మగ్గం ఆగింది. "ఇదేనండి ఆ ఊరు. ఈ వీధి చివర ఎడంచేతికి తిరిగితే బస్టాపేనండి."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలుసా?"

"వాటర్ ట్యాంకు మీద ఊరి పేరు ఇంతింత అక్షరాలతో రాసుందండీ. వీధిలోకి రాకముందే చూశాను. మీరు అంత హుషారుగా చెబుతుంటే మధ్యలో ఎలా ఆపను?"

ఇక దాచి లాభం లేక, ఆయనకు జరిగిందంతా చెప్పాను. సూర్యుడూ, ఎడంచెయ్యీ, నా సోషల్ పాఠాలూ, అన్నీ. ఆయన శ్రద్ధగా విని, చాలా మర్యాదగా అడిగారు. "మరి పొద్దు తిరగదాండీ మాస్టారూ? అదీ, దాంతోపాటు మీరూ తిరిగుంటారు."

ఇరవయ్యారేళ్లుగా సూర్యుడి గమనం మీద ప్రశ్నాపత్రాలు తయారుచేస్తున్నవాణ్ణి. ముందు మా ఆవిడ నవ్వింది, తరవాత ఆయన, లోపల వంటింట్లోంచి ఆయన భార్య. చివరికి నాకూ ఆగలేదు.

అసలు నేను వెతుక్కుంటూ బయల్దేరిన ఊరి సంగతి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. "అక్కడ మగ్గాలు ఎప్పుడో పోయినయ్యండి. రొయ్యల చెరువులు పడ్డయ్యి. ఈ చుట్టుపక్కల మిగిలిన నాలుగూ ఈ వీధిలోనే." నా దారి సరిగ్గా ఉండి ఉంటే చెరువుల గట్లు చూసి వచ్చేవాణ్ణన్నమాట.

ఆయన భార్య ఇద్దరికీ గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చింది. మా ఆవిడ మగ్గం పక్కన చతికిలబడి, నేస్తున్న చీర అంచులో చిన్న గోపురం బొమ్మ ఎలా వస్తుందో చూపించమంది. ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క పోగూ చూపిస్తూ మొదలుపెట్టారు. వీధి చివర బస్సు హారన్ మోగింది. "లేద్దామా?" అన్నాను.

"ఉండండీ," అంది తలెత్తకుండా.

బకెట్లోంచి కాళ్లు తియ్యకుండా అలాగే కూర్చున్నాను.