అన్న దాచిన జబ్బు

పరీక్ష కాగితాలు చూసి, నాకు వచ్చింది ప్రోస్టేట్ క్యాన్సరని చెప్పాక నల్గొండ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్ల మగోళ్లకు ఎవరికన్నా గిది ఉండెనా?"

లేదన్నాను. మా అన్న మాత్రం నాలుగేళ్ల కింద నడుం నొప్పితో మంచానపడి పోయాడని చెప్పాను. గుంటమగ్గం మీద జీవితమంతా కూర్చున్నవాడికి నడుం నొప్పి మామూలేగా.

డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "నడుం నొప్పితోని మనిషి సచ్చిపోతడా?"

దవాఖాన నుంచి నేరుగా చిట్యాలలో వదిన ఇంటికి పోయాను. నిలదీస్తే చీరెల కింద నుంచి అన్న ఫైలు తీసి ముందు పెట్టింది. అదే జబ్బు, ఎముకలకు పాకింది. "పరువు పోతదని, ఎవ్వలకు చెప్పొద్దని పిల్లల మీద ఒట్టేయించుకున్నడయ్యా. నేనేం జెయ్యాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. ఎందుకు తిట్టకూడదు? ఒకే షెడ్డులో ఎదురుబొదురు మగ్గాలు మావి. మాటిమాటికీ ఒంటికి పోవడానికి గుంటలోంచి లేవాల్సి వస్తోందని నేను నీళ్లు తాగడమే తగ్గించుకున్నాను. అంత తెలివి నాది! తన జబ్బు సంగతి తెలిసీ, అదంతా చూస్తూ కూడా అన్న "ముసలోనివైతున్నవ్‌ర తమ్మీ" అని నవ్వాడే గానీ, పోయి చూపించుకోమని ఒక్క మాట అనలేదు. అప్పుడే పోయుంటే ఇంత ముదిరేది కాదు.

కొత్తగా ఈ జబ్బు బయటపడినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు మీ అన్నదమ్ములకూ కొడుకులకూ చెప్పండి. సిగ్గుపడేది ఉంటే తర్వాత తీరిగ్గా పడండి.

ఇంత కోపం ఉన్న నేనేం చేశానో కూడా చెప్పాలి. ఇంటికి రాగానే నా కొడుకు ఎదురొచ్చి "ఏమన్నరు బాపు?" అని అడిగితే, "ఏం లేదు బిడ్డా, కిడ్నీల రాళ్లట" అన్నాను. ఆ మాట అలవోకగా వచ్చేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి అంతా చెప్పాను. పెదనాయినదీ చెప్పాను. "నీకు నలభై దాటినయ్. డాక్టర్ను అడిగి నెత్తురు పరీక్ష చేయించుకో."

వాడు లేచి వాకిలి తలుపు దగ్గరికి వేశాడు.

"సరే బాపు. గని గీ ముచ్చట బయట ఎవ్వలకు చెప్పకు."

నేను లేచి ఆ తలుపు బార్లా తీశాను. మా వాడలో ప్రతి మగ్గం దగ్గరికీ పోయి, ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాను.