తాళాలాయన పెట్టె, ఆవిడ చేతిసంచి

ఆ వీధిలో తాళాలాయన అసలు పేరు ఇంటిపన్ను కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మూడు మెట్లెక్కితే వచ్చే ఇరుకు దుకాణంలో, కిటికీ పక్క బల్ల ముందు నలభై ఏళ్ళుగా కూర్చుని, ఆకురాయితో తాళంచెవులు అరగదీస్తూ బతికిన మనిషి. వేళ్ళ సందుల్లో చేరిన ఇత్తడి పొడి ఎంత తోమినా పోదు. ఎవరి తలుపు మొరాయించినా కబురు ఆయనకే. ఎంతమంది బీరువాలు తెరిచాడో లెక్కలేదు. ఎందులో ఏం చూశాడో మాత్రం కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. ఇరుగుపొరుగుకి ఆయన మీదున్న ఫిర్యాదల్లా అదొక్కటే.

ఆయనకి ఒక గొప్ప ఉంది, ఒక పట్టింపు ఉంది. "నేను చేసిన తాళం, చెవి లేకుండా నేనైనా తియ్యలేను" అనేది గొప్ప. తాళంకప్పా, దాని చెవీ ఒకే సంచిలో ప్రయాణం చెయ్యకూడదనేది పట్టింపు. "దొంగకి శ్రమ తప్పించడానికా మనమున్నది?" అంటాడు.

కూతురు పదేళ్ళప్పుడు ఆ బల్ల చివర కూర్చుని ఇత్తడి రజను ఊదుతూ, "నాకూ ఒక తాళం చెయ్యవూ నాన్నా?" అని అడిగింది. "నీకంటూ ఒక తలుపు ఉన్న రోజున చేస్తాలే" అన్నాడాయన. పాతికేళ్ళ తర్వాత ఆ రోజు వచ్చింది. దూరాన ఉన్న పట్నంలో పిల్ల సొంతంగా కళ్ళద్దాల దుకాణం పెట్టుకుంటోంది. ఫోను చేసి, "మొదటిరోజు షట్టరు నీ తాళం తీసే ఎత్తుతాను నాన్నా, మాటిచ్చావు" అంది. నవ్వుతూనే అంది గానీ ఆయన నవ్వలేదు. ఏడు నెలలు కూర్చుని, అరచెయ్యంత ఇత్తడి తాళంకప్ప చేశాడు. దానికి మూడు చెవులు.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం మంచం మీద ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న సంచి నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. పెట్టె విమానం కడుపులోకి పోయేది, సంచి చేత్తో పట్టుకెళ్ళేది. పక్కింటి నర్సమ్మ తన బరువు చూసుకునే మెషీను చంకన పెట్టుకుని వచ్చింది. ఆవిడ రెండుసార్లు విమానం ఎక్కి దిగిన మనిషి కాబట్టి, ఆ పూట ఆవిడ మాటకి తిరుగులేదు.

"చేతిలో ఏడు కిలోలే అన్నయ్యా. పోతే ఏడుపొచ్చేవి చేతిలో పెట్టుకోండి. పోయినా నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవి పెట్టెలో పడెయ్యండి."

"అయితే తాళంకప్ప చేతిలోనే."

"మరి దాని చెవులు?" అంది భార్య.

"పెట్టెలో."

"పెట్టె పోతే?"

ఆయన తాళంకప్ప తీసి పెట్టెలో పెట్టాడు, చెవులు సంచిలో వేశాడు. మళ్ళీ మార్చాడు. ఆకురాళ్ళూ స్క్రూడ్రైవర్లూ చేతిలో పోనివ్వరని నర్సమ్మ చెప్పాక అవి పెట్టెలో చేరాయి. పనిముట్ల పక్కన తోడుగా ఉంటుందని తాళంకప్పా అక్కడికే వెళ్ళింది. మూడు చెవులూ కళ్ళజోడు డబ్బాలో పెట్టి, డబ్బా సంచిలో పెట్టాడు. సంచి తూకం సరిగ్గా ఏడని తేలాక, దుకాణం గుత్తి ఇంట్లో వదిలితే నిద్రపట్టదని నలభై చెవుల గుత్తి కూడా సంచిలోకే.

"పిల్ల పెళ్ళి సంబంధానికి కూడా ఇంత ఆలోచించలేదు మీరు" అంది భార్య.

ఆ మాటకి ఆయన ఉడుక్కున్నాడు, కళ్ళు ఆవిడ చేతిసంచి మీద పడ్డాయి. అందులో లేనిదంటూ లేదు. గుండీలు, రబ్బరు బ్యాండ్లు, సగం వాడిన పెన్సిలు, ఒక చిన్న డబ్బా నిండా తలపిన్నులు.

"ఆ చెత్తంతా పెట్టెలో పడెయ్యి. చేతిలో ఎందుకు?"

"నా జుట్టు కూడా పెట్టెలో పడెయ్యమంటారా? నా సంచి జోలికి రాకండి."

"తలపిన్నుల్ని అక్కడ ఎవరూ ఆపరు అన్నయ్యా. మీరూ ఆపకండి" అని నర్సమ్మ తీర్పు చెప్పేసింది.

మర్నాడు విమానాశ్రయంలో సామాను తూచే అమ్మాయి సంచి చూసి, "ఎనిమిదిన్నర ఉందండీ, తగ్గించండి" అంది. వెనక లైను పెరుగుతోంది. తాళాలాయన గుత్తి తీసి, అందులో ఉన్న చెవితోనే పెట్టె తాళం తెరిచాడు. గుత్తి బరువే కిలోన్నర కదా అని దాన్ని చొక్కాల మధ్య దూర్చాడు. మూత వేసి తాళం నొక్కాడు. అది ఆయన సొంతంగా చేసుకున్న ఆరు లివర్ల తాళం, అంటే లోపల ఆరు పలకలూ సరిగ్గా లేస్తేనే తెరుచుకునేది. నొక్కితే చాలు, చెవి అక్కర్లేకుండానే పడుతుంది. క్లిక్కుమంది. పెట్టె నల్లటి పట్టీ మీద ఊగుతూ వెళ్ళిపోయింది. ఆయన సంతృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

విమానం ఎక్కే చోట కుర్చీల్లో కూర్చుని అరగంటయిందో లేదో, మైకులో ఎవరినో పిలుస్తున్నారు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచేసరికి భార్య మోచేత్తో పొడిచింది.

"ఏవండీ, అది మీ పేరే!"

"నాదా?" అన్నాడాయన. అలా పిలిచి ఎన్నేళ్ళయిందో పాపం.

వాళ్ళని కిటికీలు లేని ఒక గదికి తీసుకెళ్ళారు. పొడుగు బల్ల మీద పెట్టె ఉంది. పక్కన నెరిసిన జుట్టు ఆఫీసరొకాయన, పెద్ద కత్తెరలాంటి కట్టరు పట్టుకున్న ఒకమ్మాయి.

"పెద్దాయనా, మెషీన్లో ఏదో ఇత్తడి ముద్ద, లోపల స్ప్రింగులు కనపడుతున్నాయి. విప్పి చూడాలి. మీ తాళం దగ్గర ఈ కట్టరు పళ్ళు రెండు ఊడాయి" అన్నాడు ఆఫీసరు.

అంత భయంలోనూ తాళాలాయన ఛాతీ కాస్త పొంగింది. "ఊడతాయి మరి. అది నేను చేసింది."

"బాగుంది. చెవి ఇవ్వండి."

ఆయన చెయ్యి సంచిలోకి వెళ్ళింది. కళ్ళజోడు డబ్బా తగిలింది, మందుల పొట్లం తగిలింది. గుత్తి లేదు. చొక్కాల మధ్య దాన్ని దూర్చిన తన చెయ్యి ఆయనకే కళ్ళముందు కనపడింది. 

"చెవి... పెట్టెలో ఉంది" అన్నాడు.

"ఏ పెట్టెలో?"

"ఈ పెట్టెలోనే."

కట్టరమ్మాయి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "మీకు పది నిమిషాలుంది. తెరవకపోతే పెట్టె ఇక్కడే ఆగుతుంది. రేపు సాయంత్రం విమానానికి పంపిస్తాం."

రేపు పొద్దున తొమ్మిదింటికి కూతురు షట్టరు ముందు నిలబడుతుంది. ఈయన చేతిలో మూడు చెవులుంటాయి, తియ్యడానికి తాళముండదు. పనిముట్లు కూడా ఆ పెట్టెలోనే. 

భార్య తన సంచి తెరిచింది. డబ్బాలోంచి రెండు తలపిన్నులు తీసి ఆయన ముందు పెట్టింది.

"నేనైనా తియ్యలేనని అందరితో చెప్పుకున్నానే" అన్నాడాయన, చిన్నగా.

"ఇక్కడ మన వీధివాళ్ళెవరూ లేరు. తియ్యండి."

తాళాలాయన ఒక పిన్ను కొస వంచి కన్నంలో పెట్టి బిగించి పట్టుకున్నాడు. రెండోదాన్ని లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. మొదటి లివరు లేచింది, రెండోదీ లేచింది. మూడోది లేచినట్టే లేచి ఆగింది. ఎవరైనా అక్కడే మోసపోతారు, ఎందుకంటే దానికి ఆయనే స్వయంగా ఒక దొంగ గాడి కోసి పెట్టాడు. పిన్ను జారింది. మళ్ళీ మొదటినుంచి.

"నిదానంగా. ఆకురాయి పట్టినట్టు పట్టండి" అంది భార్య.

ఈసారి మూడోదాన్ని వదిలేసి, ముందు నాలుగు, అయిదు, ఆరు లేపాడు. చివర్లో వెనక్కి వచ్చి, మూడోదాన్ని వెంట్రుకంత కిందకి దించాడు. టక్కుమంది.

కట్టరమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆఫీసరు చొక్కాలు జరిపి, ఇత్తడి తాళంకప్పని రెండు చేతులా ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. సంగతంతా విని, "రేపటికేనా ఇది?" అని దాన్ని జాగ్రత్తగా చొక్కాలో చుట్టి మళ్ళీ పెట్టాడు. "మా ఇంటికీ ఇలాంటిదొకటి కావాలి పెద్దాయనా."

"చేయించుకోండి సార్. పిన్నులు మాత్రం విడిగా కొనుక్కోవాలి" అంది భార్య.

గుత్తి సంచిలోకి రాలేదు, బరువు మళ్ళీ పెరుగుతుందని. పెట్టె తాళం చెవి ఒక్కటే గుత్తి నుంచి విడిపోయి ఆయన జేబులోకొచ్చింది. ఆయన ఆ జేబు గుండీ కూడా పెట్టుకుని, దాని మీద పిన్నీసు కూడా గుచ్చుకున్నాడు. ఆ పిన్నీసు ఎవరి సంచిలోదో వేరే చెప్పాలా?

విమానంలో సీటు పట్టీ బిగించుకున్నాక ఆయన వదిలిన ఊపిరికి ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. మేఘాలు వచ్చాయి, పోయాయి. ఆయన చూడలేదు. హాయిగా గురక పెట్టాడు. దిగాక నల్లపట్టీ మీద అందరికంటే ముందు వాళ్ళ పెట్టే వచ్చింది. దాన్ని పసిపిల్లలా ఎత్తుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి కొత్త షట్టరుకి ఇత్తడి తాళం వేళ్ళాడుతోంది. కూతురు చెవి తిప్పింది. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. దాన్ని చేతిలో పట్టుకుని మురిసిపోతూ, "నాన్నా, చెవి లేకుండా దీన్ని ఎవ్వరూ తియ్యలేరు కదూ?" అంది.

తాళాలాయన అలవాటుగా నోరు తెరిచాడు. పక్కనే భార్య తల సవరించుకుంటూ పిన్ను సర్దుకుంటోంది.

"తియ్యలేరమ్మా" అన్నాడు. "మీ అమ్మని మాత్రం ఎక్కువసేపు బయట నిలబెట్టకు."