ఏడు పులులు, ఒక ఇస్త్రీ పెట్టె

ఒక కబడ్డీ జట్టును ఇస్త్రీ పెట్టెతో ఓడించిన ఘనుడు తిరువూరు చరిత్రలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఓడించింది మా జట్టునేనని ముందే మనవి చేసుకుంటున్నాను, మధ్యలో మీరు లేనిపోని ఆశలు పెట్టుకోకుండా.

డెబ్బైల నాటి మాట. తిరువూరులో ఒక బడిలో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ణి. ఉద్యోగం టెంపరరీ. ఏటా ఏప్రిల్లో హెడ్మాస్టరు గారు దయతలిస్తే మళ్లీ జూన్లో రావడం, లేకపోతే లేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు, మిగతాది మనమే ఊహించుకుని భయపడాలి. ఆ ఏడాది మాత్రం నోరు విప్పారు.

"బొమ్మల వల్ల బడికేం ఉపయోగమో సెలవుల్లోపు చూపించండి మాస్టారూ. లేకపోతే ఆ పీరియడ్లు లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను."

నా బతుకు లెక్కల మాస్టారి పాలబడేలా ఉందని దిగులుపడుతున్న సమయంలో డ్రిల్లు మాస్టారు ఆనందరావు గారు దేవుడిలా వచ్చారు. ఏటా వేసవి సెలవుల ముందు మా బడికీ ఎ.కొండూరు బడికీ కబడ్డీ పోటీ జరిగేది. రెండు జట్లవీ చేతులున్న తెల్ల బనియన్లే. పోయినేడు ఆ కుమ్ములాటలో ఎవరు ఎవరో తెలియక మా పిల్లలు మా పిల్లాణ్ణే పట్టుకుని, ఊపిరాడకుండా వాడి మీద కూర్చున్నారట. ఈసారి మనవాళ్ల బనియన్ల మీద ఏదో ఒక గుర్తు వేసిపెట్టమని ఆయన అడిగారు.

కుంచె తీసుకుని ఎర్ర రంగుతో గుండ్రంగా ఒక బొట్టు పెడితే సరిపోయేది. బుద్ధున్నవాడెవడైనా అదే చేసేవాడు. కానీ నేను అంతకు ముందు వారమే బెజవాడలో ఒక బట్టల కొట్లో ఒక వింత చూసి వచ్చాను. కొట్టతను బనియన్ మీద ఒక కాగితం బోర్లించి, దాని మీద ఇస్త్రీ పెట్టె అదిమి, కాగితాన్ని సుతారంగా ఒలిచాడు. కాగితం మీది బొమ్మ బట్ట మీదికి వచ్చేసింది. ఆ కాగితాలు బొంబాయి నుంచి వస్తాయట. ధర విన్నాక చేతిలో కాగితాన్ని మర్యాదగా మళ్లీ బల్ల మీద పెట్టేశాను. మనమే చేసుకుంటే పోలా అనుకున్నాను. నా జీవితంలో జరిగిన నష్టాలన్నీ ఈ 'పోలా'తోనే మొదలయ్యాయి.

నేను మా అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. ఒక పాత పటం చట్రం తీశాను. దానికి బిగించడానికి పల్చటి గుడ్డ కావాలి. అక్క ఆర్గండీ చీర దండెం మీద ఆరుతోంది. కొంగు జోలికి పోలేదు, నాకూ కొంచెం మానవత్వం ఉంది, లోపలి చెరగు కత్తిరించాను. దాని కింద, మధ్యలో పులి ఆకారంలో చిల్లు కత్తిరించిన కాగితం అంటించి, పైనుంచి రంగు పోసి, తెగిపోయిన హవాయి చెప్పు ముక్కతో లాగితే, కింద పెట్టిన నున్నటి క్యాలెండరు కాగితం మీద పులి అచ్చు పడింది. బట్ట మీదికి వెళ్లేటప్పుడు బొమ్మ తిరగబడుతుంది కాబట్టి ఎడమకి చూసే పులిని వేశాను, బనియన్ మీద కుడికి చూడాలని. ఇంత ముందుచూపు ఉన్నవాడికి టెంపరరీ ఉద్యోగమేమిటని కాసేపు దేశం మీద జాలిపడ్డాను కూడా.

ఇక అసలు సంగతి రంగు. వేడి తగిలితే కరిగి బట్టకి పట్టుకునే రంగు కావాలి. అదీ బొంబాయి సరుకే. నేను గుగ్గిలం, కొవ్వొత్తులు, ఆముదం, కొంచెం ఎర్ర పొడి కలిపి అక్క పప్పు గిన్నెలో కాచాను. ఇల్లంతా గుగ్గిలం పొగ కమ్మేసి, పక్కింటివాళ్లు మా ఇంట్లో ఏదో పూజ జరుగుతోందని కాళ్లు కడుక్కుని వచ్చారు.

అక్క గిన్నె వంకా, చీర వంకా, నా వంకా చూసింది. "ఇది నీ ఉద్యోగం నిలబెట్టేదేనా?"

"శాశ్వతం చేసేస్తుందే అక్కా."

"చెయ్యకపోతే ఈ చీర కట్టుకుని బడికి నువ్వే వెళ్దువుగాని."

బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఏడు బనియన్ల మీదా ఏడు పులుల్ని దించాను. మొహాలు కొంచెం పాలు తాగిన పిల్లుల్లా వచ్చాయని మీరు అనవచ్చు. ఎవరి పులి వారికి ముద్దు. ఆనందరావు గారు వేలితో నొక్కి చూసి, ఇది ఎండకి కరగదు కదండీ అని అనుమానం వెలిబుచ్చారు. ఇది సైన్సండీ అని ఆయన నోరు మూయించాను. ఇస్త్రీ పెట్టె వేడికి కరిగేది ఏప్రిల్ ఎండకి కరగదా అన్న ముక్క ఆ సైన్సుకి తట్టలేదు.

పోటీ రోజున హెడ్మాస్టరు గారు ముందు వరసలో కూర్చున్నారు. కప్పు ఇవ్వడానికి పిలిచిన పెద్దమనిషి సాయంత్రం బెజవాడ బస్సు అందుకోవాలని, ఆట మిట్టమధ్యాహ్నమే మొదలెట్టారు. మా కెప్టెన్ ఏసుదాసు కూతకి వెళ్లాడు. బక్కపలచగా ఉంటాడు గాని వాడి కూత వినగడప ఊరి దాకా వినిపిస్తుంది. ఎ.కొండూరు తరఫున వెంకటరత్నమని ధాన్యపు బస్తాలాంటి కుర్రాడు వాణ్ణి ఎదురురొమ్మున వాటేసుకున్నాడు. ఇంకో ఇద్దరు వచ్చి పక్కల నుంచి అతుక్కున్నారు. అతుక్కున్నారని మాటవరసకి అనడం లేదు.

ఏసుదాసు గింజుకుని గీతవైపు జరిగాడు. గీత తాకితే, పట్టుకున్నవాళ్లంతా ఔటు. అది గ్రహించి వాళ్లు ముగ్గురూ వాణ్ణి వదిలేద్దామనుకున్నారు. వదలడం వాళ్ల చేతుల్లో లేదు. "వదలరా" అని వాళ్ల డ్రిల్లు మాస్టారు, "వదలట్లేదండీ" అని వెంకటరత్నం. ఏసుదాసు ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకాడు. ముగ్గురూ ఔటు. జనం ఈలలు వేశారు. హెడ్మాస్టరు గారు నావైపు తిరిగి తల పంకించారు. నేను అక్కడికక్కడే పర్మనెంటయిపోయి, ఇంక్రిమెంట్లు కూడా తీసుకుని, అక్కకి కొత్త చీర కొనేశాను, మనసులో.

ఆ తర్వాత నలుగురు కలిసి లాగితే వాళ్లు చర్రుమని విడిపోయారు. చూస్తే ఏసుదాసు బనియన్ తెల్లగా మల్లెపువ్వులా ఉంది. పులి వెంకటరత్నం రొమ్ము మీదికి కాపురానికి వెళ్లిపోయింది. తానొకటి తలిస్తే గుగ్గిలం ఇంకొకటి తలచింది. మరి నాలుగు కూతలయ్యేసరికి మా పులుల్లో నాలుగు అటు చేరాయి. ఔటైనవాళ్లు లోపలికి రావడం, లోపలివాళ్లు బయటికి పోవడం, పోయినేటికి మించిన గందరగోళం.

వినగడప నుంచి వచ్చిన రిఫరీ విజిల్ ఊదేశాడు. ఆయనకి రెండు ఊళ్ల పిల్లల్లో ఒక్కడూ తెలియదు, గుర్తు చూసి ఆడించమని మేమే చెప్పాం. నేను పరిగెత్తుకెళ్లి, మా పులులు కుడికి చూస్తాయి, వాళ్ల మీదికి వెళ్లినవి ఎడమకి చూస్తాయి, తేలిగ్గా పోల్చుకోవచ్చని విన్నవించుకున్నాను.

"పులి ఎటు చూస్తే నాకేంటండి," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "పులి ఉన్నోళ్లు ఇటు, లేనోళ్లు అటు. రిఫరీ మాటే మాట."

అలా వెంకటరత్నం మా జట్టులోకి వచ్చాడు. ఏసుదాసు ఎ.కొండూరుకి వెళ్లాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న ఏసుదాసు ఊడాడన్నమాట. ఆఖరి కూతకి వాడే వచ్చాడు, అటునుంచి. కాస్త చూసి ఆడరా అని నేను కళ్లతో బతిమాలాను. వాడు మా వాళ్లని నలుగుర్ని తాకి, నవ్వుతూ వెనక్కి వెళ్లిపోయాడు.

"ఆటంటే ఆటే కదా సార్," అన్నాడు తర్వాత. వాడికి ఆ నీతి నేర్పింది మన బడే, ఏమనగలం?

కప్పు ఎ.కొండూరు వాళ్లకిచ్చారు. ఏసుదాసే అందుకున్నాడు, మన పిల్లాడేనని అందరూ చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ల బస్సులోనే, కప్పు ఒళ్లో పెట్టుకుని ఊరేగడానికి పోయాడు. జనం పలచబడ్డాక హెడ్మాస్టరు గారు నా దగ్గరికి వచ్చి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మన పులులు ఎ.కొండూరు వెళ్లాయి," అన్నారు. "కప్పు వెళ్లింది. ఏసుదాసు కూడా వెళ్లాడు. ఇంక మీరొక్కరే ఇక్కడ ఉండి ఏం చేస్తారు మాస్టారూ?"

జూన్లో ఎ.కొండూరు బడిలో చేరాను. ఆయనే ఉత్తరం రాసి నన్ను అక్కడికి సిఫార్సు చేశారు. పోటీలో మీ గెలుపుకి ఇంతగా తోడ్పడిన మనిషి మీ దగ్గరుంటేనే న్యాయమని అందులో రాశారట. కాబట్టి అగ్నిసాక్షిగా, అంటే ఇస్త్రీ పెట్టెలోని బొగ్గుల సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ జట్టు బనియన్ మీదా ఏ జంతువునీ దించను. తప్పనిసరై దించాల్సి వస్తే, అవతలి జట్టు బనియన్ల మీదే దించుతాను.