ఏడవని పాప

నారాయణగూడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు దమయంతి పసిబిడ్డల మడమకు సూది గుచ్చి రక్తం తీస్తుంది. ఏడవని బిడ్డ కనబడితే "నా బంగారుకొండ" అని మురిసిపోతుంది.

కొత్త డాక్టరమ్మ వచ్చి, సూది పడ్డప్పుడు బిడ్డల ఒత్తిడి కొలవమంది. ఆవేళ గుక్కపట్టి ఏడ్చిన బాబు తల్లి ఒడిలో ఇట్టే తేరుకున్నాడు. కిక్కురుమనని పాపకు మాత్రం నుదురు ముడిపడింది, పిడికిలి బిగిసింది, గుండె వేగం తగ్గనేలేదు.

"ఈ పాపకే ఒత్తిడి ఎక్కువ, సిస్టర్."

"ఏడ్వనే లేదు గద మేడం! గిదేం లెక్క?" దమయంతికి ఏమీ అంతుపట్టలేదు.

సాయంత్రం అశోక్‌నగర్‌లో ఇల్లు చేరేసరికి కూతురు రచన గ్రూప్స్ పరీక్ష రాసి వచ్చి కూర్చుంది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"మంచిగనే రాసిన అమ్మా."

ఏనాడూ కంటతడి పెట్టని పిల్ల. దమయంతి చూపు కూతురి బిగిసిన పిడికిలి మీద పడింది. ఏం చెయ్యాలో తోచక, ఆ పిడికిలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.