మేనమామ ఒడికి అరగంట

కోయంబత్తూరులో మోటార్లకు రాగితీగ చుట్టే దొరసామికి రెండు అలవాట్లు. ఎంత బరువైన మోటారునైనా ఒక్కడే ఎత్తుతాడు, ఎంత పెద్ద మాటనైనా ముందువెనకలు చూడకుండా ఇచ్చేస్తాడు. మొదటి అలవాటు అతని నడుము విరిచింది. రెండోది ఈ ఏడు పరువు మీదికి తెచ్చింది.

మదురై అవతల నల్లరేగడి పల్లెలో ఉన్న చెల్లెలు కళైవాణి తన కూతురికి చెవులు కుట్టించాలనుకుంది. వాళ్లలో బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చుంటే తప్ప కంసాలి సూది పట్టడు. ఉన్నదేమో ఒక్కడే మేనమామ. తన మేనకోడలు ఇంకెవరి ఒళ్లోనో కూర్చుంటుందని తలచుకుంటేనే దొరసామికి అన్నం దిగేది కాదు. డాక్టరు మాత్రం ఆ నడుముతో బస్సయినా కారయినా ఐదారు గంటలు కూర్చోకూడదని ఖండితంగా చెప్పాడు.

ఫోనులో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టి చూశాడు. గాలిదారిన అరగంట పైచిలుకు అని వచ్చింది. ఇంకేం, ఆ క్షణమే చెల్లెలికి ఫోను.

"ప్లేనులో వస్తానమ్మా. ఈడ ఇడ్లీ తిని ఎక్కితే, వక్కాకు నమిలేలోపల ఆడ దిగేస్తా."

ఆ మాట పల్లెంతా తిరిగింది. కళైవాణి భర్త తిరుమలసామి విమానాశ్రయానికి కారు మాట్లాడేశాడు. ముహూర్తం కూడా ఆ అరగంటనే నమ్ముకుని పెట్టారు.

టిక్కెట్టు కోసం దొరసామి గాంధీపురంలో ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి అమ్మాయి జోతిమణి మెల్లగా చెప్పింది.

"నేరుగా పొయ్యే ఫ్లైటు లేదన్నా. చెన్నై పొయ్యి, ఆడ కాచుకొని, మళ్లా మదురైకి ఎక్కాల. పగలంతా అయిపోతాది."

"ఫోనులో అరగంటని ఉండాదే?"

"ఆమాన్నా, నిజమే. దూరం కొలిచి చెప్పింది. ప్లేను ఉండాదని చెప్పలేదే."

దొరసామి ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సిగ్గుతో చెల్లెలికి ఫోను చేయలేకపోయాడు. భార్య పరమేశ్వరి ఊరుకోలేదు.

"తీగ చుట్టేముందు పది తడవలు కొలుస్తారు. మాటకు మాత్రం కొలతే లేదు," అంటూ ఫోను తనే కలిపింది.

కళైవాణి అంతా వింది. దొరసామి గుండె చిక్కబట్టుకుని పడుకునే వింటున్నాడు.

"వదినా, అన్న సగందారిలో పళనిదాకా రాగలడా? ఒడి అన్న తెస్తే చాలు, చెవులు మేం తెస్తాం."

కళైవాణి అత్త మారియమ్మ మొదట ఒప్పుకోలేదు. చెవులు కులదేవత ముందరే కుట్టాలని పట్టుబట్టింది. చివరికి తల వెంట్రుకలు ఊళ్లో కులదేవతకు, చెవులు పళనిలో మురుగనికి అని తనే తీర్పు చెప్పింది.

అనుకున్న రోజు వాళ్లు దిండిగల్ మీదుగా బస్సులో వచ్చారు. దొరసామి కారు వెనక సీట్లో పడుకుని, దారిమధ్య ఉడుమలైలో దిగి నాలుగడుగులు నడిచి, మళ్లీ పడుకుని పళని చేరాడు. గుడి మండపం గోడకు ఆనుకుని, మడిచిన దుప్పటి మీద కూర్చున్నాడు. బిడ్డ నోట్లో బెల్లంముక్క పెట్టి ఒళ్లోకి తీసుకున్నాడు. సూది దిగగానే బిడ్డ కెవ్వుమంది. దొరసామి కళ్లూ కారిపోయాయి, అయినా తొడ కదపలేదు. ఏడ్చి ఏడ్చి బిడ్డ అక్కడే నిద్రపోయింది. నడుము చెప్పలేనంత నొప్పిగా ఉంది, మనసు చెప్పలేనంత హాయిగా ఉంది.

"ఏం బావా, ప్లేను ఎక్కడ దింపినావు?" అని తిరుమలసామి నవ్వాడు.

"ఇదో, ఒళ్లోనే దిగిండాది," అన్నాడు దొరసామి గొంతు తగ్గించి. "గట్టిగా మాట్లాడొద్దు, లేస్తాది."