వెనక సీటులో కూర్చోని మనిషి

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకొని, ముప్పై ఎనిమిదేళ్లుగా కార్లకు కరెంటు పని చేస్తున్న పాలయ్యకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, తాను చూసి బాగుందన్న బండిని మళ్లీ విప్పడు. రెండు, ఏ పక్షం వాళ్ల బండిలోనూ వెనక సీటులో కూర్చోడు.

మొదటిది గర్వం కొద్దీ పెట్టుకున్నది. ఆ గర్వానికి ఆధారం లేకపోలేదు. ఊరి మిషను బడిలో ఐదో తరగతితో చదువు ఆగిన మనిషి, ఏ ఇంజనీరూ నేర్పకుండానే ఈ తాలూకాలో మొట్టమొదట డైనమో చుట్టాడు. ముద్దనూరు కొండ మలుపులో చీకటైపోయిన పెళ్లిబస్సుకు చిన్న బ్యాటరీతో, ఒక తీగ ముక్కతో దీపాలు వెలిగించి పెళ్లికూతురిని ముహూర్తానికి అందించాడు. పులివెందులలో ఇద్దరు మెకానిక్కులు ఇక లాభం లేదని తోసేసిన కలెక్టరాఫీసు జీపు పాలయ్య చేతిలో పావుగంటలో లేచింది. ఇవన్నీ అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

రెండోది భయం కొద్దీ పెట్టుకున్నది. ఆ రోజుల్లో ఊరికి రెండు పక్షాలు, పక్షానికో పార్టీ, పార్టీకో జెండా. రెండు పక్షాల కార్లూ అతని షెడ్డుకే వచ్చేవి. ముందు సీటులో డ్రైవరు పక్కన ఎవరు కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. దారి చూపేవాడో, మార్గమధ్యంలో ఎక్కినవాడో అనుకుంటారు. వెనక కూర్చున్నవాడు మాత్రం ఆ పక్షం మనిషే. అందుకని పాలయ్య వెనక తలుపు తెరిచి నేల మీద మోకాళ్లూని పని చేసేవాడు గాని సీటు మీద ఆనేవాడు కాదు. పరీక్షకు కూడా బండి ఎక్కడు. డ్రైవరు ఒక్కణ్ణే వంతెన దాకా తోలి రమ్మని, షెడ్డులో నిలబడి ఇంజను చప్పుడు విని చెప్పేవాడు.

ఎన్నికలకు ఇంకా పదకొండు రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం పులివెందుల వైపు పల్లె నుంచి ప్రెసిడెంటు గారి పాత పెట్రోలు కారు షెడ్డు ముందు ఆగింది. సమితి ప్రెసిడెంటుగిరీ ఎప్పుడో పోయినా ఆయనకు ఆ పేరు అలాగే ఉండిపోయింది. కారు వెనక సీటులోంచి ఆయన కుడిభుజం ఎర్రన్న ఒక్కడే దిగాడు. ముందు నుంచి, డ్రైవరు మీద కన్నేసి పక్కనే ఇరుక్కొని కూర్చున్న మరో ఇద్దరు. చివరగా డ్రైవరు కాటమయ్య దిగాడు. అతని చెంప వాచి ఉంది, చొక్కాకు గుండీలు లేవు.

"ఏం పాలయ్యా, పోయిన వారం ఈ బండి నువ్వే గదా చూస్తివి?" అన్నాడు ఎర్రన్న.

"నేనే చూస్తి."

"ఏమంటివి?"

పాలయ్య ఏమన్నాడో ఇద్దరికీ తెలుసు.

"పంపులో తప్పు ల్యా, తీగలో తప్పు ల్యా, పాలయ్య చూసిన బండి నిలిస్తే నా పేరు మార్చుకుంటా అంటివి. ప్రెసిడెంటన్న దగ్గర నీ మాటే చెప్పినా నేను. నిన్న మళ్లా నిలిచింది. మూడోతూరి. యాడ నిలిచింది? నీళ్ల వంక కాడ. వంక అవతల ఎవురుండిరో తెల్సునా నీకు? మేం దిగి చేన్లకు అడ్డంబడి ఉరికితిమి. ఈయప్ప సీట్లోనే కూర్చొని తాళం తిప్పినాడు. ఠక్కున లేచె బండి! బండిలో తప్పు లేకుంటే మనిషిలో ఉండాది. అంతే గదా?"

కాటమయ్య నేలవైపు చూస్తున్నాడు.

"పొద్దు గుంకే యాళకు అన్న ఈడికి వస్తాడు. తీగ తప్పయితే తీగ చూపియ్యి. లేదంటే ఈన్ని మేం తీస్కపోతాం."

తీసుకుపోవడం అంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అట్లా తీసుకుపోయిన వాళ్లలో ఇద్దరి బండ్లకు పాలయ్యే పని చేశాడు. తాను గర్వంగా అన్న ఒక్క మాట పట్టుకొని ఒక మనిషిని దోషిని చేశారని తెలిసేసరికి, బాగుందన్న బండిని ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి మళ్లీ విప్పడానికి పానా అందుకున్నాడు.

ఎర్రన్న, తక్కిన ఇద్దరూ పక్కనున్న చాంద్ బాషా పంక్చరు అంగడి ముందు నీడలో కూర్చున్నారు. కాటమయ్య బానెట్టు ఎత్తి పట్టుకున్నాడు.

"గొర్లన్నా మేపుకోవల్సిండె మామా," అన్నాడు మెల్లగా. "మా నాయన చెప్తానే ఉండె. గొర్రె నిలబడితే కాపరిని ఎవురూ కొట్టరు."

"ఊరుకో. యాడ యాడ నిలిచిందో చెప్పు."

"ఒగతూరి జమ్మలమడుగు మీటింగుకు పోతాంటే. ఇంగోతూరి యర్రగుంట్ల దాటినాక. నిన్న వంక కాడ. నేనొక్కన్నే తోల్తే వంద మైళ్లయినా నిలవదు. ఎక్కిన వెంటనే కూడా నిలవదు మామా. అర మైలు బాగా పోయి, ఆడ చచ్చిపోతాది."

ఆ కారుకు పెట్రోలు పంపు వెనక ట్యాంకు దగ్గర ఉంటుంది. ముందు బ్యాటరీ నుంచి బయలుదేరిన తీగ తాళం గుండా, కాళ్ల కింద పరిచిన పట్టా అడుగున, వెనక సీటు కింద నుంచి పంపుకు చేరుతుంది. పాలయ్య ఇంజను దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి డబ్బాలో పెట్టాడు. అట్లా పెడితే పంపు ఆగకుండా ఆడుతుంది, చప్పుడు వినవచ్చు. తాళం తిప్పగానే వెనక నుంచి టక్, టక్, టక్ మని మొదలైంది. టెస్టు ల్యాంపు పట్టుకొని బ్యాటరీ దగ్గర చూశాడు, తాళం దగ్గర చూశాడు, పంపు దగ్గర చూశాడు. ఎక్కడ ఆనించినా ల్యాంపు నిండుగా వెలిగింది. ఎర్తు తీగ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. చేతికందిన చోటల్లా తీగను కదిపాడు. పంపును స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. టక్, టక్, టక్. పంపు మాత్రం ఏ లోపమూ లేనట్టు ఆడుతూనే ఉంది.

రెండు గంటలు గడిచాయి. రేకుల కింద ఎండ వాన కంటే చప్పుడుగా ఉంది, రేకులు టపటపమంటున్నాయి. పాలయ్యకు అరవై నాలుగేళ్లు. ఆ పూట ఎన్నిసార్లు వంగి లేచాడో అతనికే తెలియదు. కలెక్టరాఫీసు జీపు, పెళ్లిబస్సు, చుట్టిన డైనమోలు, అన్నీ తలలో తిరిగాయి గాని ఒక్కటీ దారి చూపలేదు. ఇప్పుడు ఎర్రన్న దగ్గరికి పోయి ఏమనాలి? తప్పు లేదంటే కాటమయ్య పోతాడు. ఏదో ఒక తీగ తెంపి ఇదే అని చూపిస్తే? రేపు మళ్లీ ఏ వంక దగ్గరో నిలిస్తే, కాటమయ్యతో పాటు తానూ పోతాడు.

వెనక ఎడమ తలుపు తెరిచి ఎప్పటిలాగే నేల మీద మోకాళ్లూనబోయాడు. మోకాళ్లు వంగలేదు. ఏమీ ఆలోచించకుండా, అలసిన మనిషి అరుగు మీద కూలబడినట్టు సీటు మీద కూలబడ్డాడు.

టక్, టక్... చప్పుడు ఆగిపోయింది.

మొదట చెవులు పోయాయనుకున్నాడు.

"కాటమయ్యా, తాళం తీసినావా?"

"ల్యా మామా, అట్నే ఉండాది."

పాలయ్య లేచాడు. టక్, టక్, టక్. కూర్చున్నాడు. ఆగింది. మళ్లీ లేచాడు.

"ఎనక శానాగా ఎవురు కూర్చుంటారు?"

"ఎర్రన్న ఒకడే. కుడి పక్క. అన్న ముందుంటాడు."

"బండి నిలిచిన మూడుతూర్లు?"

కాటమయ్య బానెట్టు వదిలేసి దగ్గరికి వచ్చాడు. "మూడుతూర్లూ ఎనక ముగ్గురుండ్రి మామా. భయమున్న దారయితేనే ముగ్గురెక్కుతారు."

పాలయ్యకు అంతా కళ్లకు కట్టినట్టయింది. ఎడమ పక్క మనిషి కూర్చోగానే సీటు కింద తీగ ఎక్కడో విడిపోతున్నది. పంపు ఆగినా, కార్బురేటర్లో మిగిలిన పెట్రోలుతో బండి అర మైలు పోతున్నది. బండి నిలవగానే అందరూ దిగి ఉరుకుతారు. సీటు మీద బరువు పోతుంది, తీగ కలుసుకుంటుంది, కాటమయ్య తాళం తిప్పితే లేస్తుంది. ప్రమాదమున్న చోటే ఎందుకు నిలుస్తుందో, ఒంటరిగా తోలితే ఎందుకు నిలవదో రెండూ తేలిపోయాయి. ఇన్నేళ్లలో వెనక సీటులో ఒక్కసారీ కూర్చోని తాను ఇది ఎట్లా చూడగలడు?

సీటు ఎత్తబోతే ఎర్రన్న ఒక్క అంగలో వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సీటు ఎత్తొద్దు."

"ఎత్తకుండా తీగ యాట్ల చూపిచ్చేదప్పా?"

"నడి బజార్లోనా?"

"దాని కింద ఏముండాదో నేనడగల్యా. ప్రొద్దుటూర్లో పిల్లకాయలకు గూడా తెల్సు. గోనె పట్టా దించుకో, నువ్వే ఎత్తు."

షెడ్డుకు అడ్డంగా గోనెపట్టాలు దించారు. ఎర్రన్నే సీటు ఎత్తాడు. కింద సంచిలో చుట్టిన వేటకొడవళ్లు ఉన్నాయి. ఎడమ చివరన ఒక కొడవలి మొన సంచి చించుకొని బయటికి వచ్చి, సరిగ్గా తీగ మీద ఆని ఉంది. ఎన్నికల హడావుడి మొదలైనప్పటి నుంచి మనుషుల బరువుకు నొక్కుకొని నొక్కుకొని పై తొడుగును కోసి, లోపలి రాగిని తెంపింది. బరువు లేనప్పుడు రాగి కొసలు రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అంతే తప్పు.

పొద్దు వాలుతుండగా ప్రెసిడెంటు గారు ఇంకో కారులో వచ్చారు. ఎండకు కళ్లు ఎర్రబడి, మీటింగులకు తిరిగి గొంతు పోయి ఉన్నారు.

"ఏంది పాలయ్యా, తీగనా, మనిషా?"

పాలయ్యకు అన్నిటికంటే కష్టమైన మాట ముందుగా చెప్పాల్సి వచ్చింది. "పోయిన వారం నేను చెప్పింది తప్పు సామీ. తప్పు బండిలోనే ఉండె. నేను చూళ్లా." ఆ మాట అన్నాక తక్కింది తేలికైంది. "కాటమయ్య ఏమీ చెయ్యల్యా. మీ ఇనుమే మీ తీగను కోసింది. నమ్మకముంటే సరే, లేకుంటే ఎర్రన్నను ఎడమ పక్క కూర్చోమనండి."

ఎర్రన్న సీటు మళ్లీ దించి, ఎడమ పక్క కూర్చున్నాడు. టక్ ఆగింది. లేచాడు. టక్, టక్, టక్. ప్రెసిడెంటు వేలు చూపి మళ్లీ కూర్చోమన్నారు. మళ్లీ ఆగింది.

"రెండు నెల్ల నుంచి నా బండి నిలుపుతాండేది నువ్వేనంట్రా ఎర్రన్నా," అన్నారాయన.

తక్కిన ఇద్దరూ నవ్వారు. ఎర్రన్న నవ్వలేదు. ప్రెసిడెంటు తాళాలు కాటమయ్య చేతిలో పెట్టారు. వాచిన చెంప గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పాలయ్య తెగిన ముక్క తీసేసి, కొత్త తీగను తలుపు పై అంచు మీదుగా, సీటుకు దూరంగా లాగి పంపుకు కలిపాడు. తీగ బిగిస్తుంటే కాటమయ్య పక్కకు వచ్చి గొణిగాడు.

"ఇంగ తోలనంటే ఏమైతాది మామా?"

"అవతలి పక్షానికి పోయినావంటారు."

కాటమయ్య తల ఊపి, పోయి డ్రైవరు సీటులో కూర్చున్నాడు.

"పాలయ్యా, ఇంగ సీటు కింద పెట్టుకోవచ్చునా?" అన్నాడు ఎర్రన్న, సంచి చంకలో పెట్టుకొని.

వేరే రోజైతే పాలయ్య తన పని ఎన్నేళ్లు నిలుస్తుందో, తాను వేసిన తీగలు ఏయే బండ్లలో ఇంకా తిరుగుతున్నాయో చెప్పేవాడు. ఇప్పుడు, "తీగ అడ్డం రాదు," అన్నాడు.

ముగ్గురూ వెనక ఎక్కారు. కారు జమ్మలమడుగు దారి పట్టింది. పాలయ్య షెడ్డు గుంజను పట్టుకొని చెవి అటే పెట్టాడు. పెట్రోలు బంకు దాటింది. అర మైలు దాటింది. వంతెన మీద చక్రాల చప్పుడు వినిపించింది, ఆగకుండా సన్నగిల్లింది. అప్పుడు గుంజను వదిలాడు.

చాంద్ బాషా ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచుతూ అడిగాడు.

"మామా, ఎనక సీట్లో కూర్చుంటివంట?"

"మోకాళ్లు నొచ్చి కూర్చున్యా."

"నాకు చెప్తే సరే. అవతలోళ్ల కారు డ్రైవరు అప్పుడే సైకిల్ మీద పోతా చూసినాడు. నువ్వు ఆ కార్లో కాళ్లు చాపుకొని కూర్చోనుంటివంట, బజారంతా అదే చెప్పుకుంటాండారు. రేపు వాళ్ల బండి నీ తావకు రావల్సింది గదా?"

"రావల్సిందే."

"వస్తాదా?"

పాలయ్య బోర్లించిన బ్యాటరీ పెట్టె మీద కూర్చొని మోకాళ్లు రుద్దుకున్నాడు. కలెక్టరాఫీసు జీపు మాట గాని, పెళ్లిబస్సు మాట గాని ఎత్తలేదు.

"రాదు," అన్నాడు. "ఎవురన్నా అడిగితే మాత్రం, మోకాళ్లు నొచ్చి కూర్చున్యాడని చెప్పప్పా."

"నమ్ముతారా మామా?"

"నమ్మరు. అయినా చెప్పు."